ఆకు తిప్పి చూడటం నేర్పండి: వ్యవసాయ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వ్యవసాయ, మార్కెటింగ్ శాఖల మంత్రి గారికి,



నేను ముప్పై ఏళ్లు బడిపిల్లలకు తెలుగు చెప్పి రిటైరైన పంతులమ్మను. మల్కాజిగిరిలో మా ఇంటి మిద్దె మీద పదకొండేళ్లుగా కూరగాయలు పెంచుతున్నాను. వంగ, బెండ, టమాట, బీర, కాకర, చిక్కుడు, గోంగూర, తోటకూర, ఒక మూల కరివేపాకు, దేవుడికి రెండు మందారాలు. మా ఇంటికి సరిపోయి, ఇరుగుపొరుగుకు పంచిపెట్టేంత కాపు వస్తుంది. మీకు ఉత్తరం రాయాలని ఎప్పుడూ అనుకోలేదు. ఈ సంక్రాంతికి ముందు జరిగిన ఒక చిన్న సంగతి నన్ను కూర్చోబెట్టి రాయిస్తోంది.

మా పక్కింటి అమ్మాయి పొద్దున్నే ఒక పచ్చడి డబ్బా పట్టుకొచ్చింది. మూత బిగించి ఉంది. లోపల ఇరవై దాకా పురుగులు. నల్లని ఒళ్లు, దాని మీద నారింజరంగు మచ్చలు, ఆరు కాళ్లు. తోక వైపు సన్నబడి, చూడటానికి బుల్లి మొసలి పిల్లల్లా ఉన్నాయి. "ఆంటీ, చిక్కుడు పాదు నిండా ఇవే. నిన్న రాత్రంతా ఏరాను. ఏం మందు కొట్టాలో చెప్పండి" అంది. ఆ పిల్ల ముఖంలో అలసట చూసి నాకు జాలేసింది. డబ్బాలోకి చూసి ఇంకా జాలేసింది. అవి అక్షింతల పురుగు పిల్లలు. ఎర్రగా, గుండ్రంగా, వీపు మీద నల్లచారలతో కనబడే ఆ పురుగును అందరూ గుర్తుపడతారు. దాని పిల్లను మాత్రం ఎవరూ పోల్చుకోలేరు. తల్లికీ పిల్లకూ పోలికే ఉండదు.

ఇద్దరం వాళ్ల మిద్దెక్కాం. చిక్కుడు తీగ కొసను పట్టుకుని ఆకు వెనక్కి తిప్పాను. నువ్వులు అద్దినట్టు నల్లగా పేనుబంక. లేత కాయల మీద కూడా అదే. కాండం వెంట చీమలు బారు కట్టి ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి. పేనుబంక రసం పీల్చి విసర్జించే తియ్యని జిగురు కోసం చీమలు దాన్ని కాపు కాస్తాయి. ఆ గుంపు అంచున, అమ్మాయి కంటబడకుండా మిగిలిపోయిన ఒక బుల్లి మొసలి ఒక పేనును నోట కరిచి పట్టుకుంది. మేం చూస్తుండగానే దాని రసమంతా పీల్చి, ఒట్టి తోలు వదిలేసి, రెండోదాని మీదికి వెళ్లింది. అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత డబ్బా మూత తీసి, ఒక్కొక్క పురుగునూ వేలితో ఎత్తి తీగ మీదికి వదిలింది. పదిహేను రోజులకు ఆ పాదు మళ్లీ పూత పట్టింది. ఏ మందూ కొట్టలేదు.

అయ్యా, ఆ అమ్మాయి బాగా చదువుకుంది, పెద్ద కంపెనీలో ఉద్యోగం. ఆమెకు దొరకనిదల్లా పక్కన నిలబడి ఆకు తిప్పి చూపించే మనిషే. పురుగును చంపే సరుకు మన ఊళ్లలో గల్లీకొక చోట దొరుకుతుంది. ఏ పురుగు ఏదో చూపించే చోటు మాత్రం ఈ నగరంలో వెతికినా కనబడదు. నా విన్నపం అంతా దీని గురించే.

ముందు నా తప్పు చెప్పాలి. పదకొండేళ్ల కిందట, తోట పెట్టిన తొలి ఏడాది, బెండ ఆకుల కింద తెల్లదోమ చేరింది. మొక్క కదిపితే పొడి దులిపినట్టు లేచేది. ఒక దుకాణానికి వెళ్లి అడిగాను. వాళ్లు పెద్ద సీసాలోంచి కొంత వంచి, ఖాళీ నీళ్ల సీసాలో పోసి ఇచ్చారు. మూతకు సగం మందు, బకెట్ నీళ్లు, అంతే అన్నారు. పేరేమిటని నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. పొద్దున్నే కొట్టేశాను. పక్కనే తీగ మీద ఆరేసిన బట్టలు, నాలుగడుగుల దూరంలో నీళ్ల ట్యాంకు. అవేవీ నాకు తట్టలేదు. వారం పాటు ఆకులు శుభ్రంగా ఉన్నాయి. నాలుగో వారానికి తెల్లదోమ అంతకు ముందున్న దానికంటే రెట్టింపుగా వచ్చింది. దాని వెనకే ఎర్రనల్లి. బెండకు పల్లాకు తెగులు సోకి, ఆకులు ఈనెలతో సహా పసుపుపచ్చగా మారాయి. ఆ తెగులును మోసుకొచ్చేది తెల్లదోమే. ఇరవై మొక్కలూ పీకి పారేశాను.

అప్పుడు నాకు అర్థం కాని సంగతి తర్వాత తెలిసింది. ఆ మందు తెల్లదోమతో పాటు దాన్ని తినే సాలీళ్లనూ, అక్షింతల పురుగులనూ, అల్లిక రెక్కల పురుగు పిల్లలనూ, తెల్లదోమ పిల్లల ఒంట్లో గుడ్డు పెట్టే కంటికి ఆనని కందిరీగలనూ చంపేసింది. తెల్లదోమ నెల తిరక్కుండానే మళ్లీ ఒక తరాన్ని కంటుంది. దాని శత్రువులు అంత త్వరగా కోలుకోవు. కాపలాకుక్కను మనమే తోలేసి, దొంగలెందుకు పడుతున్నారని తల పట్టుకున్నట్టు అయింది నా పని.

మిగిలిన సీసాను వంటింటి అటక మీద పెట్టాను. ఒకరోజు మా అత్తగారు అది కిరోసిన్ అనుకుని దీపంలో పోయబోయారు. మూత తీయగానే వచ్చిన ఘాటుకు ఆగారు కాబట్టి సరిపోయింది. పేరులేని సీసా ఇంట్లో ఉండటమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. 2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పసిపిల్లలు చనిపోయారు. ఆ వంటనూనెలో కలిసింది మోనోక్రోటోఫాస్. కూరగాయల మీద ఆ మందు వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 2005లోనే ఆదేశించింది. ఆదేశం కాగితం మీద ఉన్నా, మందు చేరకూడని చోటికి చేరింది.

పురుగుమందు సీసా మీద ఒక మూల మీద నిలబెట్టిన చదరపు గుర్తు ఉంటుంది. దాని కింది సగం ఎరుపైతే అతి ప్రమాదకరం. ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు వరసగా విషం తగ్గుతున్నదని చెబుతాయి. చదువురాని వారికీ అర్థమవ్వాలని పెట్టిన గుర్తు అది. ఖాళీ నీళ్ల సీసాలోకి మందు వంచి ఇచ్చిన క్షణాన ఆ గుర్తు పోయింది, పేరు పోయింది, విరుగుడు ఏమిటో రాసిన కాగితం పోయింది.

తోట పెట్టిన ఆ తొలి ఏడాది తర్వాత ఇప్పటిదాకా మా మిద్దె మీద రసాయన మందు పడలేదు. పురుగులు రావడం మానలేదు, వస్తూనే ఉంటాయి. వాటిని ఎలా అదుపులో పెడుతున్నానో కొంచెం వివరంగా రాస్తాను. ప్రభుత్వం జనానికి నేర్పవలసింది ఈ వరస అని నా నమ్మకం.

మొదటిది చూడటం. రోజూ నీళ్లు పోసేటప్పుడు పది ఆకులు తిప్పి చూస్తాను. రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ రైతులకు నేర్పే పద్ధతి కూడా ఇదే. చేలో దిగి, శత్రు పురుగులెన్ని, మిత్ర పురుగులెన్ని అని లెక్క కడతారు. రెండు శత్రు పురుగులకు ఒక మిత్ర పురుగు ఉంటే మందు జోలికి పోకుండా ఆగి చూడమంటారు. ఎకరాల మీద పనికొచ్చిన లెక్క పది కుండీల మీద పనికిరాకపోదు. ఒక్క చిక్కు ఉంది. వంగ ఆకుల మీద పచ్చదనమంతా గీకి తిని, ఆకును జల్లెడ చేసే పురుగును కూడా మా వైపు అక్షింతల పురుగనే అంటారు. అది మసకగా, సన్నని నూగుతో, వీపు నిండా చుక్కలతో ఉంటుంది. దాని పిల్ల పసుపుపచ్చగా, ఒంటి నిండా ముళ్లతో ఉంటుంది. చిక్కుడు మీది అక్షింతల పురుగు ఆప్తబంధువు, వంగ మీది అక్షింతల పురుగు దొంగ. పేరు ఒకటే, పని వేరు. ఇది పుస్తకంలో చదివితే బుర్రకెక్కదు. రెంటినీ పక్కపక్కన పెట్టి భూతద్దంలో ఒక్కసారి చూపిస్తే జన్మలో మరచిపోరు.

రెండోది చెయ్యి. చేత్తో తీసేయగలిగిన పురుగులే ఎక్కువ. వంగ కొమ్మ కొస వాలిపోయి కనబడితే లోపల తొలుచు పురుగు ఉన్నట్టే. వాలిన చోటికి అంగుళం కిందికి తుంచి, సబ్బు నీళ్లలో పడేస్తాను. ఆ కొసను అలాగే వదిలేస్తే తర్వాత కాయల మీద పడుతుంది. టమాట ఆకు మీద తెల్లని వంకర గీతలు పడితే పాముపొడ. ఆ గీత చివర పురుగు ఉంటుంది, ఆకును వేళ్ల మధ్య పెట్టి అక్కడ నొక్కితే చాలు. ఆముదం ఆకు మీద పొగాకు లద్దె పురుగు గుంపులుగా గుడ్లు పెడుతుంది కాబట్టి ఒక మూల రెండు ఆముదం మొక్కలు పెట్టుకున్నాను. గుడ్లున్న ఆకును తుంచి మడిచి తొక్కేస్తే ఒక తరం అక్కడితో ఆగుతుంది. మందారం మీద పిండినల్లి ఒంటికి మైనపు పూత ఉంటుంది. పైన కొట్టిన మందు చాలావరకు ఆ పూత మీంచి జారిపోతుంది. పాత పళ్లకుంచెను సబ్బు నీళ్లలో ముంచి తోమేస్తే పోతుంది. అక్కడ కూడా ముందు తేరిపార చూడాలి. పిండినల్లిని తినే ఒక రకం అక్షింతల పురుగు పిల్ల కూడా ఒళ్లంతా తెల్లని దూది పోగులు కప్పుకుని, పెద్ద పిండినల్లిలాగే ఉంటుంది. అది చురుగ్గా నడుస్తుంది, పిండినల్లి ఉన్నచోటే నెమ్మదిగా కదులుతుంది. ఆ తేడా తెలియక నేను తొలి రోజుల్లో ఎన్నిటిని తోమి పారేశానో!

మూడోది దారులు మూయడం. చీమ ఎక్కకపోతే పేనుబంక, పిండినల్లి సగం బలం కోల్పోతాయి. మందారం కాండానికి గుడ్డ పీలిక చుట్టి ఆముదం రాస్తాను. చీమ దాన్ని దాటదు. కాకర, బీర పిందెల మీద పండు ఈగ గుచ్చి గుడ్లు పెడుతుంది. పిందె కట్టిన రెండు రోజుల్లో కాగితం సంచి తొడిగితే ఈగకు చోటు దొరకదు. కుళ్లి రాలిన కాయను మట్టిలో కలపకుండా కవరులో మూటగట్టి ఎండలో పెడతాను. ఆ కాయలోంచి దిగే పురుగు మట్టిలోకి పోయి, అక్కడే కోశస్థ దశ గడిపి, మళ్లీ ఈగగా లేస్తుంది. తెల్లదోమకు పసుపురంగు జిగురు అట్టలు. అట్టకు పసుపు రంగేసి ఆముదం పూసి ఇంట్లోనే చేసుకుంటాను. ఆ అట్టకు మిత్ర పురుగులు కూడా అంటుకుంటాయి కనుక దోమ తగ్గగానే తీసేస్తాను. ఇంకొక మాట, ఎరువు దండిగా వేస్తే పురుగు దండిగా వస్తుంది. నత్రజని ఎక్కువైన లేత చిగురంటే పేనుబంకకు పెళ్లి భోజనం.

నాలుగోది పిలవడం. కొత్తిమీర పూతకొస్తే అందరూ పీకేస్తారు. నేను రెండు కుండీలు అలాగే వదిలేస్తాను. ఆ చిన్న తెల్లపూల తేనె కోసం చిన్న కందిరీగలు, పేనుబంకను తినే పిల్లలను పెట్టే ఈగలు వస్తాయి. మిత్ర పురుగుకు కూడా కడుపు నిండాలి కదా. శత్రువు లేని రోజుల్లో దానికి పూలే అన్నం. బంతి పూలూ ఈ పనే చేస్తాయి. పైగా వేళ్ల మీద బుడిపెలు కట్టించే నులిపురుగులు బంతి వేరు ఉన్న మట్టిలో తగ్గుతాయి.

ఇవన్నీ చేశాక, ఇంకా మిగిలితేనే వేప. ఎండాకాలం దాటాక జూన్, జూలైలలో వేపపండ్లు రాలతాయి. గుజ్జు కడిగి, గింజలు నీడలో ఆరబెట్టి, గోనెసంచిలో దాచుకుంటాను. కావలసినప్పుడు 50 గ్రాముల పప్పు దంచి, పలచని గుడ్డలో మూటకట్టి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెడతాను. పొద్దున మూటను పదిసార్లు పిండితే పాలలాంటి ద్రవం దిగుతుంది. దాన్ని వడగట్టి, నాలుగు చుక్కలు కుంకుడు రసం కలిపి, అదే రోజు సాయంత్రం ఆకుల అడుగున పడేట్టు కొడతాను. ఎండకు వేపలోని అజాడిరక్టిన్ చెడిపోతుంది, అందుకే సాయంత్రం. బీర, సొర పూలు సాయంత్రమే విచ్చుకుంటాయి కనుక వాటి మీద పడకుండా చూసుకుంటాను. కొట్టిన మర్నాడు చచ్చిన పురుగులు రాలతాయని ఎదురు చూస్తే నిరాశే. వేప తిన్న పురుగు తిండి తగ్గిస్తుంది, కుబుసం విడవలేకపోతుంది, పెద్దది కాలేక పోతుంది. నాలుగైదు రోజులు పడుతుంది. ఆ నాలుగైదు రోజులు ఓపిక పట్టమని ఎవరైనా చెప్పి ఉండకపోతే, మూడో రోజే మనిషి దుకాణానికి పరుగెత్తుతాడు.

సేంద్రియమైతే చాలు, హాని లేదనే మాట కూడా సరికాదు. పొగాకు కషాయంలో ఉండేది నికోటిన్. అది చర్మం గుండా కూడా ఒంట్లోకి పోయే విషం, మిత్ర పురుగులకు సైతం ప్రాణాంతకం. దాన్ని ఇంట్లో కాచుకోమని తేలిగ్గా సలహా ఇచ్చేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. పచ్చిమిర్చి, వెల్లుల్లి కషాయం చిక్కగా కొడితే లేత ఆకులు మాడతాయి. బట్టల సబ్బుపొడి కలిపినా అంతే.

మంత్రి గారూ, ఇది నగరంలో పొద్దుపోని వాళ్ల సరదా అని మీ శాఖలో ఎవరైనా అనవచ్చు. కానీ ఈ విద్య మన పల్లెల్లోంచే వచ్చింది. అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచ దగ్గరి పునుకులలో పత్తి మీద పురుగుమందుల ఖర్చుతో అప్పుల్లో మునిగిన రైతులు 2000 తర్వాతి తొలి ఏళ్లలో ఒక్కొక్కరే మందు మానారు. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలు పట్టుకున్నారు. చివరికి ఊరు ఊరంతా పురుగుమందు వద్దని తీర్మానించుకుంది. వేపగింజలు పొడిచేయడం ఆ ఊరి ఆడవాళ్లకు పనైంది. ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్న ఏనబావి 2006 నాటికి పూర్తి సేంద్రియ గ్రామమైంది. ఆ అనుభవంతోనే ఉమ్మడి రాష్ట్రంలో మహిళా సంఘాల ద్వారా పురుగుమందులు లేని సాగు వేల ఊళ్లకు పాకింది. ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయానికి పునాది కూడా అక్కడే పడింది.

శాస్త్రజ్ఞులు కూడా ఇదే బాటన పెద్ద గెలుపు చూపించారు. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో బొప్పాయి పిండినల్లి అనే పరాయి పురుగు కనబడింది. బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం, మందారం, దేన్నీ వదల్లేదు. చెట్లు సున్నం కొట్టినట్టయ్యాయి. మందులు కొట్టి కొట్టి రైతులు విసిగారు. 2010లో బెంగళూరులోని ఒక జాతీయ పరిశోధన సంస్థ ప్యూర్టో రికో నుంచి మూడు రకాల చిన్న కందిరీగలను తెప్పించి, పెంచి, తోటల్లో వదిలింది. చీమ తలంత కూడా లేని ఆ కందిరీగలు పిండినల్లి ఒంట్లో గుడ్లు పెట్టాయి. నెలల్లోనే ఆ పురుగు అదుపులోకి వచ్చింది. కొబ్బరి తోటలను పట్టిన సర్పిలాకార తెల్లదోమ మీద కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం మిత్ర పురుగులను, మిత్ర శిలీంధ్రాన్ని పెంచి రైతులకు ఇచ్చింది. మందు ఓడిన చోట పురుగుకు పురుగే విరుగుడైంది.

ఇక వేప మీద మనకున్న హక్కు కోసం జరిగిన పోరాటం సంగతి మీకు తెలిసిందే. వేపనూనెతో శిలీంధ్రాలను అదుపు చేసే పద్ధతి మీద అమెరికా వాళ్లు తీసుకున్న పేటెంటును యూరప్ పేటెంట్ ఆఫీసు 2000లో రద్దు చేసింది, 2005లో ఆ తీర్పు ఖాయమైంది. అంత పోరాడి నిలబెట్టుకున్న వేపగింజ ఏటా మన కాలనీ రోడ్ల మీద రాలి, బండ్ల కింద నలిగి, చీపురుతో ఊడ్చి చెత్తబండికెక్కుతోంది. 2021లో మన వేపచెట్లకే తెగులు తగిలి కొమ్మలు చివళ్ల నుంచి ఎండిపోతే జనం అల్లాడిపోయారు. చెట్టు మీద అంత ప్రేమ ఉన్న జనానికి గింజ విలువ చెప్పేవాళ్లు మాత్రం కరువయ్యారు.

అందుకని నాలుగు పనులు అడుగుతున్నాను. నాలుగూ మీ చేతిలో ఉన్నవే.

ఒకటి, ప్రతి ఆదివారం రైతుబజారులో ఒక బల్ల. రైతుబజార్లు 1999లో మొదలై పాతికేళ్లు దాటింది. నగరంలో కూరగాయల మీద ప్రేమ ఉన్నవాళ్లంతా ఆదివారం పొద్దున అక్కడికే వస్తారు. బల్ల మీద పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, మిత్ర పురుగులు, శత్రు పురుగులు పెట్టిన గాజు సీసాలు, ఒక రిజిస్టరు. బల్ల వెనక ఒక మనిషి. ఉద్యాన కోర్సు చదివే పిల్లలున్నారు, రిటైరైన వ్యవసాయాధికారులున్నారు, నాలాంటి మిద్దెతోట ఆడవాళ్లం వందల్లో ఉన్నాం. ఎవరైనా తెగులు సోకిన ఆకును కవరులో తెచ్చుకుని, చూపించుకుని, కారణం తెలుసుకుని వెళ్లాలి. పల్లెల్లో 2,600 పైగా రైతు వేదికలు కట్టారు. నగరానికి కట్టడం అక్కర్లేదు, బల్ల చాలు. కూరగాయలు అమ్ముకోవడానికి వచ్చిన రైతు కూడా తన వంగ కొసను పట్టుకొచ్చి ఆ బల్ల దగ్గర నిలబడతాడు. అలా నిలబడిన రోజు మనం తినే కూరలోకి వచ్చే విషం కూడా తగ్గుతుంది.

రెండు, వేపగింజల సేకరణ. జూన్, జూలై నెలల్లో మహిళా సంఘాల చేత గింజలు ఏరించి, శుభ్రం చేయించి, అరకిలో, కిలో పొట్లాలుగా అదే బల్ల మీద అమ్మించండి. పొట్లం మీద కషాయం చేసే పద్ధతి తెలుగులో, ఉర్దూలో అచ్చు వేయించండి. పునుకుల ఆడవాళ్లు చేసి చూపించిన పనే ఇది.

మూడు, చిన్న పొట్లాలు. పురుగుల గుడ్లను నాశనం చేసే చిన్న కందిరీగ ట్రైకోగ్రామా. దాని కార్డు ఒకటి కొంటే అందులో ఇరవై వేల దాకా పరాన్నజీవి గుడ్లుంటాయి. ఎకరం చేనుకు లెక్క కట్టి తయారుచేసినది అది. నా వంగ మొక్కలు పన్నెండు. బవేరియా అనే మిత్ర శిలీంధ్రం పొడి కిలో, పండు ఈగ బుట్టల ఎర డజను చొప్పున అమ్మితే మాకు సగం పాడైపోతాయి. కార్డు, బవేరియా బతికున్న సరుకులు, నెలల తరబడి అటక మీద పెట్టేవి కావు. మిద్దెకు సరిపడా కొలతల్లో, తయారైన తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు స్పష్టంగా వేసి ఇప్పించండి. సేంద్రియమని పేరు పెట్టి లోపల రసాయనం కలిపిన సీసాలను పట్టుకోవడానికి నమూనాలు తీసి పరీక్షలు చేయించండి. నమ్మి కొన్నవాడు మోసపోతే మళ్లీ ఈ దారిన రాడు.

నాలుగు, విడిగా పోసి అమ్మడం ఆపించండి. మందు అసలు సీసాలోంచి వేరే సీసాలోకి పోయనీయకుండా చూడటం కొత్త చట్టమేమీ అక్కర్లేని పని. ఉన్న చట్టాన్ని అమలు చేస్తే చాలు. ఇంటి తోటకని అడిగినవాళ్ల చేతిలో ఎర్రగుర్తు సీసా పెట్టవద్దని ప్రతి దుకాణానికీ తెలియజేయండి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు అలవాటైపోయింది. ఈ ఒక్క విషయంలో ముందే మేలుకుందాం.

సేంద్రియ పద్ధతితో అన్నీ గెలుస్తామని నేను చెప్పను. పోయిన వానాకాలం మా దోస పాదు పండు ఈగకు పూర్తిగా పోయింది. సంచులు తొడగడం రెండు రోజులు ఆలస్యం చేశాను. పల్లాకు తెగులు సోకిన బెండను ఏ కషాయమూ బాగుచేయలేదు, పీకడమే. కొంత పోతుంది. పదింట ఒక కాయ పురుగుకు వదిలిపెట్టే మనసు ఈ సేద్యానికి మొదటి పెట్టుబడి. మా నాయనమ్మ విత్తనాలు నాటేటప్పుడు పక్షికొకటి, పురుగుకొకటి, మనకొకటి అని లెక్క కట్టి గుంటకు మూడు గింజలు వేసేది. అప్పుడు అది చాదస్తం అనుకున్నాను. ఇప్పుడు నేనూ మూడే వేస్తున్నాను.

ఒక్కసారిగా రాష్ట్రమంతా చేయమనడం లేదు. ఒక రైతుబజారులో, ఒక్క ఏడాది, యాభై ఆదివారాలు ఆ బల్ల పెట్టించి చూడండి. ఎంతమంది వచ్చారు, ఏ పురుగు పట్టుకొచ్చారు, ఏం చెప్పారు, ఎన్ని సీసాల మందు అవసరం లేకుండా పోయింది అని రిజిస్టరులో రాయించండి. ఆ రిజిస్టరు తెరిచి చూశాకే రెండో బల్ల సంగతి ఆలోచించండి. మా వైపు బజారులో పెడితే ప్రతి ఆదివారం పొద్దున ఏడింటికల్లా నేను వచ్చి కూర్చుంటాను, జీతం వద్దు. మా పక్కింటి అమ్మాయి కూడా వస్తానంది. ఆ పచ్చడి డబ్బాను కడిగి దాచింది. మూతకు సన్నని చిల్లులు పొడిచింది. ఈసారి అందులో అక్షింతల పురుగు పిల్లలను తెచ్చి, పేనుబంకతో ఏడుస్తూ వచ్చిన వాళ్ల చేతిలో పెడతానంటోంది.

ఇట్లు,
మీ రాష్ట్ర పౌరురాలు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
మల్కాజిగిరి, హైదరాబాద్